ఎర్ర కారు మీద నేనిచ్చిన తప్పుడు రిపోర్టు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి చలికాలంలో రియాద్‌లోని ఒక వేలం సంస్థ నన్ను తన ఇన్‌స్పెక్టర్ల జాబితాలో చేర్చుకుంది. అప్పటికి నేను సౌదీకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట ధహ్రాన్‌లో ఒక చమురు కంపెనీ వాహనాల విభాగంలో టెక్నీషియన్‌గా చేశాను. తర్వాత బీమా కంపెనీల తరఫున ప్రమాదాల సర్వేలు చేశాను. నుజ్జయిన కార్లు చూసీ చూసీ విసుగెత్తినవాడికి, అరవై ఏళ్ల కిందట ఇటలీలోనో జర్మనీలోనో చేత్తో చేసిన స్పోర్ట్స్ కార్లను తాకి చూసే పని దొరికితే ఎలా ఉంటుంది? నేను గాల్లో తేలాను. ఆ తేలడమే నా కొంప ముంచింది.

పని ఏమిటో ముందు చెప్పాలి. పాతకాలపు యూరప్ కార్లను సేకరించేవాళ్ల కోసం జరిగే వేలంలో ప్రతి కారునూ ‘లాట్’ అంటారు. వేలానికి ముందు ప్రతి లాట్‌కూ ఒక కండిషన్ రిపోర్టు తయారవుతుంది. ఇంజన్ మీది నంబరు, ఛాసీ మీది నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోతున్నాయా, బాడీలో ఏ భాగం పుట్టుకతో వచ్చింది, ఏది తర్వాత మార్చారు అన్నవి అందులో ఉంటాయి. కేటలాగ్‌లో అచ్చయ్యేది ఆ రిపోర్టులోని మాటే. కొనేవాడు చాలాసార్లు ఇంకో దేశంలో కూర్చుని, కారును కళ్లతో చూడకుండా, మా కాగితాన్ని నమ్మి ఫోన్లోనే పాట పెంచుతాడు. భాగం మార్చడం నేరం కాదు. మార్చి చెప్పకపోవడమే నేరం.

ఈ కథలోని కారు ఇటలీలో తయారైన ఎర్ర రంగు, రెండు సీట్ల బండి. దాని పేరు కావాలనే రాయడం లేదు. పేరు చెప్పగానే చదివేవాళ్లకు ధర గుర్తొస్తుంది, మనిషి మరుగున పడతాడు. యజమాని బురైదాలో ఖర్జూర తోటలున్న పెద్దాయన. అందరూ అబూ సాలెహ్ అనేవారు. కారు ఆయన అన్నది. అన్న పోయాక తోటలోని షెడ్డులో గుడ్డ కప్పుకుని పడి ఉంది. వేలానికి ముందు శుభ్రం చేయించడానికి దాన్ని రియాద్ శివార్లలోని సులై అనే చోట ఉన్న ఒక వర్క్‌షాపుకు పంపాడు.

ఆ వర్క్‌షాపు మేనేజర్ రవిశంకర్‌ది గుంటూరు. మాటకారి, ఇంగ్లిష్, అరబ్బీ రెండూ గడగడా మాట్లాడతాడు. నెత్తిన నోరుంటే పెత్తనం సాగుతుందంటారు కదా, ఆ పెత్తనం అచ్చంగా అదే. అక్కడ రేకు పని చేసేది రాజలింగం. సౌదీలో సమ్కరీ అంటారు, మన దగ్గర డెంటింగ్ మేస్త్రీ అనుకోవచ్చు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడు. వాళ్లది బిందెలు, కాగులు కొట్టే కంచరి కుటుంబం. అల్యూమినియం రేకును ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టి వంపు తెస్తాడు. సొట్టలు పూడ్చే పుట్టీ గోరంత కూడా వాడడు. అతని చేతిలో పడ్డ రేకు మీద అరచేయి పెట్టి జరిపితే ఎక్కడా ఎత్తుపల్లం తగలదు. అలాంటి పనివాడిని నేను ధహ్రాన్‌లోనూ చూడలేదు.

నేను తనిఖీకి వెళ్లినరోజు కారు వర్క్‌షాపు మధ్యలో మెరుస్తూ ఉంది. రాజలింగం దూరంగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. రవిశంకర్ అతన్ని లోపలికి పొమ్మన్నాడు. నా చేతిలో రంగు మందం కొలిచే పరికరం ఉంది. పుట్టీ పట్టిన చోట అది మందం ఎక్కువ చూపిస్తుంది. ముందు భాగమంతా, అంటే హెడ్‌లైట్లున్న ముక్కు నుంచి చక్రాల దాకా, కొలత పలచగా, ఒకేలా వచ్చింది. రంగు మాత్రం మళ్లీ ఒకసారి వేసినట్టు తెలుస్తోంది. అది పాతికేళ్ల కిందటి మాట అయి ఉంటుందని నేనే ఊహించుకున్నాను. రేకు కొత్తదా పాతదా అన్నది ఆ పరికరం చెప్పదు. అది తెలియాలంటే హెడ్‌లైటు గిన్నె విప్పి లోపలి వైపు చూడాలి. ఒక్కోదానికి నాలుగు స్క్రూలు.

విప్పుతానన్నాను. “వద్దండీ బాషా గారూ, ఓనర్ చాలా పర్టిక్యులర్. ఏదీ ఓపెన్ చెయ్యొద్దన్నారు. మీ ఎక్స్‌పీరియెన్స్‌కి మళ్లీ లోపల చూడాలా?” అన్నాడు రవిశంకర్. పొగడ్తకు పడిపోయాను. పైగా లోపల భోజనం వడ్డించి ఉంది. చక్రం సందులోంచి ఫ్లాష్ వేసి నాలుగైదు ఫొటోలు తీసుకుని, వాటిని పెద్దవి చేసి చూడకుండానే రిపోర్టు పూర్తి చేశాను. “ముందు భాగానికి మళ్లీ ఒకసారి రంగు వేశారు, రేకు ఒరిజినల్” అని రాసి సంతకం పెట్టాను.

వేలానికి కొన్ని వారాల ముందు ప్రివ్యూ ఉంటుంది. కొనదలచినవాళ్లు గానీ, వాళ్ల నిపుణులు గానీ వర్క్‌షాపుకే వచ్చి కారును చూసుకోవచ్చు. ఒక కొనుగోలుదారు తరఫున వచ్చిన యూరప్ నిపుణుడు సన్నని కెమెరా గొట్టాన్ని హెడ్‌లైటు పక్క సందులోంచి లోపలికి పంపాడు. లోపలి రేకు మీద చుక్కలు చుక్కలుగా ఏదో గుర్తు కనిపించింది. ఫ్యాక్టరీ గుర్తు కాదని మాత్రం ఆయనకు తెలిసింది. ఆ ఫొటో వేలం సంస్థ ద్వారా నాకు వచ్చింది, ఇదేమిటో వివరించమని.

ఆయనకది వంకర గీత. నాకది తెలుగు అక్షరం. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు చుక్కలతో కొట్టిస్తామే, అచ్చం అలాగే సన్నని ఉలితో కొట్టిన ‘రా’.

వెంటనే సులైలోని వర్క్‌షాపుకు బయలుదేరాను. రవిశంకర్ తలుపేసి కూర్చోబెట్టాడు. అంతా ముందే సిద్ధం చేసుకున్నాడు. అదే ఫొటో అందిన అబూ సాలెహ్ మండిపడుతున్నాడని, అసలు ముక్కు ఏమైందని అడుగుతున్నాడని చెప్పాడు. తర్వాత, రాజలింగమే అసలు రేకును మాయం చేసి బయట అమ్ముకుని, దాని చోట తను చేసింది పెట్టాడన్నాడు. “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడండీ. కంప్లైంట్ డ్రాఫ్ట్ రెడీ. మీరు ఒక్క లైన్ రాసివ్వండి చాలు. మీ ఇన్‌స్పెక్షన్ రోజున ఒరిజినల్ ఉంది, రీప్లేస్‌మెంట్ ఆ తర్వాత జరిగింది అని. మీ రిపోర్టూ సేఫ్, మీ ప్యానెలూ సేఫ్.”

ప్యానెల్ అంటే వేలం సంస్థ ఇన్‌స్పెక్టర్ల జాబితా. ఆలోచించి రేపు చెబుతానన్నాను. అక్కడే చెంప పగలగొట్టినట్టు ‘కుదరదు’ అనాల్సింది. రేపు అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అక్కడి నుంచి నేరుగా రాజలింగం ఉండే పనివాళ్ల క్యాంపుకు వెళ్లాను. వర్క్‌షాపు వెనక రెండు వీధుల అవతల, ఆరుగురు ఉండే గది. శుక్రవారం. రాజలింగం బట్టలు ఉతికి ఆరేస్తున్నాడు. మంచం మీద సగం సర్దిన సూట్‌కేసు తెరిచి ఉంది. అతనికి ఖురూజ్ నిహాయి, అంటే పని ముగించుకుని శాశ్వతంగా వెళ్లిపోవడానికి ఇచ్చే అనుమతి, అంతకు పది రోజుల ముందే వచ్చింది. ఊళ్లో భార్య గుండె వాల్వుకు ఆపరేషన్ చెయ్యాలి. కరీంనగర్‌లో డాక్టర్లు ఆలస్యం చేయొద్దని చెప్పారు. ఆమె మాత్రం మొగుడు వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప బల్ల ఎక్కనని భీష్మించుకుని కూర్చుంది. పోలీసు ఫిర్యాదు పడితే పేరు కంప్యూటర్లోకి ఎక్కుతుంది, ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. కేసు తేలేదాకా ఎన్ని నెలలో, ఎన్నేళ్లో ఎవరూ చెప్పలేరు. అరబ్బీ చదవడం రాని మనిషి తన మీద ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేసి వస్తాడు. ఇవన్నీ నేను ఇతరుల విషయంలో చూసినవే.

ఫొటో చూపించాను. దాచే ప్రయత్నమే చెయ్యలేదు.

“నాదే సార్ గురుతు,” అన్నాడు. “బురైదా నుంచి సతహా మీద అచ్చినప్పుడు దించుతుంటె గొలుసు తెగి ముక్కు మొత్తం నజ్జు నజ్జయింది. సతహా తోలెటోనికి మేనేజర్ సారే ఎవలికి చెప్పద్దన్నడు. నాతోని కొత్తది చెయ్యమన్నడు. ఐదు వారాలు కొట్టిన. పాతది ఆయినెనే స్క్రాపుల ఏపిచ్చిండు.” సతహా అంటే కార్లను మోసుకెళ్లే లారీ.

“మరి లోపల పేరెందుకప్పా కొట్టినావు? ఎవరైనా చూస్తే పట్టుబడతావని తెల్దా?” అన్నాను. నా గొంతులో కోపం ఉంది. అది అతని మీద కాదని అతనికి తెలియదు.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “పట్టుబడుడేంది సార్? నేనేం దొంగతనం జేసిన్నా? మా నాయిన బిందె జేసినా, కాగు జేసినా అడుగుల గురుతు కొట్టెటోడు. రేపు కారితె ఎవల దగ్గరికి తేవాలె? గురుతు లేని సామాను దొంగ సామాను అనెటోడు. అయినా మీరు ఆ రోజు దగ్గరుండి చూసిండ్రు గద. మీకెరికే అనుకున్న.”

మీకెరికే అనుకున్న. రవిశంకర్ అన్నదేదీ నన్ను అంత కోయలేదు. ఆ రోజు దూరం నుంచి నన్ను చూసి నవ్విన నవ్వుకు అర్థం అప్పుడు తెలిసింది. ఒక పనివాడు ఇంకో పనివాడి ముందు తన పని పెట్టి, చూస్తాడులే అనుకున్నాడు. నేను చూడలేదు.

రవిశంకర్ రాసిపెట్టిన ఫిర్యాదు సంగతి అప్పుడు చెప్పాను. “ఊరికి పోవుడు ఆగుతదా సార్?” అని మాత్రం అడిగాడు. ఆగదని చెప్పాను. చెప్పేటప్పటికి ఆ ఫిర్యాదును ఎలా ఆపాలో నాకింకా తెలియదు.

గదికి వచ్చి తనిఖీ రోజున చక్రం సందులోంచి తీసిన ఫొటోలను కంప్యూటర్లో పెద్దవి చేసి చూశాను. మూడో ఫొటో అంచున, మసకగా, చుక్కల అక్షరం ఉంది. అంటే నేను సంతకం పెట్టిన రోజుకే ఆ ముక్కు కొత్తది. రవిశంకర్ కట్టిన కథను కూల్చే రుజువు నా కెమెరాలోనే ఉంది. అదే రుజువు నేను అబద్ధపు రిపోర్టు ఇచ్చానని కూడా చెబుతుంది. ఆ ఫొటో నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. తుడిచేస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన రాలేదని బుకాయించను. వచ్చింది. కొంతసేపు ఉంది కూడా. ఇరవై ఏళ్ల పేరు, ప్యానెల్, ఇంకో రెండేళ్లు దర్జాగా చేసుకుని వెళ్లిపోవచ్చన్న లెక్క, అన్నీ వరసగా ముందుకొచ్చాయి. తర్వాత ఒళ్లు మండింది. ఫ్యాక్టరీ తీరున ముక్కు చేసినవాడు దొంగ, దాన్ని దాచమన్నవాడు ఫిర్యాదుదారు, చూడకుండా ఒరిజినల్ అని రాసినవాడు నిపుణుడు! ఇదేం న్యాయం?

మరునాడు అనుబంధ రిపోర్టు తయారుచేశాను. మా పనిలో దీనికి పద్ధతి ఉంది. పాత రిపోర్టులోని వాక్యాన్ని యథాతథంగా రాసి, ‘ఉపసంహరించుకుంటున్నాను’ అని రాసి, కారణం చెప్పి, ఆధారం జతచేయాలి. నాలుగు అంశాలు రాశాను. తనిఖీ నాటికే ముందు భాగం కొత్తదని, దానికి నా ఫొటోయే ఆధారమని రాశాను. హెడ్‌లైటు గిన్నె విప్పకపోవడం నా లోపమని రాశాను. ఇంత పెద్ద భాగాన్ని ఒక్క మనిషి చేత్తో చేయడానికి వారాలు పడుతుందని, ఆ రోజులన్నీ ముక్కు లేని కారు వర్క్‌షాపు మధ్యలో ఉండి తీరాలని, మేనేజర్‌కు తెలియకుండా అది జరగడం అసాధ్యమని రాశాను. నాలుగో అంశం రాయమని ఎవరూ అడగలేదు. “పనితనం ఫ్యాక్టరీ పనికి ఏమాత్రం తీసిపోదు, చేసినవారు రాజలింగం” అని రాశాను. ఒక కాపీ వేలం సంస్థకు పంపి, రెండోది చేత పట్టుకుని వర్క్‌షాపు ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజు అబూ సాలెహ్ స్వయంగా వస్తున్నాడు.

రవిశంకర్ కాగితం చదివి తెల్లబోయాడు. అబూ సాలెహ్ లోపలికి రాకముందే, “మీరు ఎమోషనల్ అవుతున్నారండీ. వాడు వెళ్లిపోయేవాడు, మనం ఇక్కడ ఉండేవాళ్లం. మనం మనం ఒకటి కాదా?” అన్నాడు. నాకు వచ్చిన బూతును మింగేసి, “మన ఇద్దరం ఒకటి కాదు నాయనా, ఈ కాగితం రాసినాక అస్సలు కాదు,” అన్నాను.

అబూ సాలెహ్ చదువుకున్న మనిషి. రిపోర్టు అరబ్బీ ప్రతిని నిదానంగా చదివాడు. కారు దగ్గరికి నడిచి, నన్ను హెడ్‌లైటు విప్పమన్నాడు. విప్పాను. టార్చి వేసి లోపలి గుర్తును చూశాడు. రాజలింగాన్ని పిలిపించి, ఇది నువ్వు చేశావా అని అడిగాడు. రాజలింగం తలూపాడు. ఆయన రేకు మీద అరచేయి పెట్టి రెండుసార్లు జరిపాడు. తర్వాత రవిశంకర్ వైపు తిరిగి ఒక్కటే అడిగాడు: “ఇతను ఇది కొడుతున్నన్ని రోజులు నా కారు ముక్కు ఎక్కడుందని అనుకున్నావు?”

ఫిర్యాదు కాగితాన్ని అబూ సాలెహ్ అక్కడే చింపించాడు. కారును ఆ ఏడాది వేలం నుంచి తప్పించారు. రాజలింగం ఆ వారమే వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డాక ఫోన్ చేశాడు. “పడ్డది సార్” అన్నాడు, అంతే. ఆపరేషన్ జరిగింది. ఆమె బాగుంది.

న్యాయం గెలిచిందని ఎవరైనా అనుకుంటారేమో. వేలం సంస్థ నన్ను ప్యానెల్ నుంచి తీసేసింది. అది సరైన పనే, నేనైనా తీసేసేవాణ్ని. కానీ రవిశంకర్‌కు ఏమీ కాలేదు. కొన్నాళ్లు తల దించుకుని తిరిగి, మరుసటి ఏడాది ఇంకో వర్క్‌షాపులో ఇంకా పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఎర్ర కారు కూడా ఆ మరుసటి ఏడాదే నిజం చెప్పి అమ్ముడుపోయింది. కేటలాగ్ నాకు ఎవరో పంపారు. “ముందు భాగం రియాద్‌లో చేత్తో పునర్నిర్మించబడినది, అత్యున్నత నాణ్యత” అని ఉంది. ఇటలీలో ఆ బాడీని గీసినవాడి పేరు ఉంది, ఇంజన్ రూపొందించినవాడి పేరు ఉంది, దాన్ని ఒకప్పుడు నడిపిన ధనవంతుల పేర్లు వరసగా ఉన్నాయి. నా నాలుగో అంశంలోంచి పొగడ్త తీసుకుని పేరు వదిలేశారు. ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మండాలి కూడా.

ఆ తర్వాత రెండేళ్లు చిన్న డీలర్లకు తనిఖీలు చేసి రిటైరయ్యాను. ఆ రెండేళ్లలో నా రిపోర్టుల్లో ఒక గడి అదనంగా ఉండేది. ఏ భాగం లోపలి వైపు నా కళ్లతో చూడలేదో, దాని ఎదురుగా ‘చూడలేదు’ అని రాసేవాణ్ని. అనుభవంతో ఊహించినది, పరికరం చెప్పింది, యజమాని ప్రమాణం చేసింది, ఏదైనా సరే, చూడకపోతే చూడలేదనే. ఆ మాట ఉన్న రిపోర్టు వద్దని చాలామంది వేరే ఇన్‌స్పెక్టర్ల దగ్గరికి పోయారు. పోనిచ్చాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. తెలియని చోట మీరు ధీమాగా రాసే ప్రతి మాటకూ జవాబు చెప్పాల్సివచ్చేది మీరు కాదు. ఆ కాగితం చదవడం రానివాడు.